తెల్ల చీటీలు

ఇంకా గంట ఉంది. గోడ మీద గడియారాన్ని నమ్మితే గంటకు కాస్త తక్కువే, కానీ దాన్ని నమ్మి ఇక్కడ బాగుపడినవాడు లేడు, రోజుకు ఏడు నిమిషాలు ముందుకు పరిగెత్తుతుంది, యుద్ధంలో పుట్టిన గడియారం మరి, తొందరెక్కువ. పొద్దున సామాను రాసుకోవడానికి పైస్టేషన్ నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టరు దాన్ని దించి చెవి దగ్గర పెట్టుకుని విని, "ఆడుతోంది" అని రాసుకున్నాడు. బెంచీ ఒకటి. తూకం ఒకటి. లాంతర్లు నాలుగు, అందులో గాజు పగిలింది ఒకటి. టెలిఫోను ఒకటి. జెండాలు రెండు, ఎర్రదొకటి, పచ్చదొకటి. పార్సిలు చీటీలు, పసుపువి సగం పెట్టె, తెల్లవి రెండు పెట్టెలు, సీలు తీయనివి. "ఇన్ని తెల్లవి మిగిల్చావేమయ్యా?" అన్నాడు, నేనేదో తినేసినట్టు. కావలసినప్పుడు ఒక్కటి లేదు సార్, అవసరం తీరాక రెండు పెట్టెలొచ్చాయి అని నోటిదాకా వచ్చింది, మింగేశాను. ఇరవై తొమ్మిదేళ్ళ ఉద్యోగంలో నేను బాగా నేర్చుకున్న విద్య అదొక్కటే. ఆ తర్వాత ఆయన చూపు పై అర మీదికి పోయింది. "ఆ మూటేంటి?" "పార్టీ వచ్చి తీసుకెళ్తుందండి." "ఎప్పుడు?" "ఇవాళ బండికి." "రాకపోతే రేపు నీతోపాటు పట్టుకొచ్చెయ్, దిక్కులేని సామాన్లలో పడేద్దాం" అంటూ కలం జేబులో పెట్టుకున్నాడు. దానికి దిక్కు ఉంది సార్. ఆ దిక్కు నాలుగూ పది బండికి వస్తుంది, వచ్చి నన్ను అన్నయ్యా అని పిలుస్తుంది, నా బాధంతా అదే.

వెనక గదిలో మా ఆవిడ గిన్నెలు సర్దుతోంది. ఒక్కో గిన్నెను పెట్టెలో పెట్టే చప్పుడు నాతో ఒక్కో మాట అన్నట్టే ఉంది, మామూలుగా అయితే నోటితోనే అనేది, ఇవాళ పొద్దున్నుంచి నోరు విప్పలేదు. రేపు లారీ వస్తుంది. మధ్యాహ్నానికి గ్యాంగువాళ్ళొచ్చి రేకులు విప్పేస్తారు, ప్లాట్‌ఫారం అంచుకు పాతిన పాత స్లీపర్లు పెకలించుకుపోతారు, వచ్చే వానలకు ఇక్కడ ఒక హాల్టు ఉండేదని మొలిచే గడ్డికి కూడా తెలియదు. పదకొండు రోజుల్లో కట్టారు దీన్ని, పన్నెండో రోజున నన్ను తెచ్చి దించారు, రెండేళ్ళ నాలుగు నెలలకు పీకేస్తున్నారు. మైలున్నర అవతల క్యాంపు, వేలమంది, బారులు తీరిన గుడారాలు, ఇప్పుడు అక్కడ గుంజలు పాతిన గుంటలు తప్ప ఏమీ లేవు. ఈ హాల్టుకు పేరు కూడా లేదు. బోర్డు పెట్టారు గాని రాయలేదు, శత్రువుకు తెలిసిపోతుందట. రెండు కర్రల మీద ఖాళీ తెల్లబోర్డు. మూణ్ణెల్లకోసారి దానికి రంగు వెయ్యమని ఉత్తర్వు, వేసేవాణ్ణి, ఏమీ రాయని దాన్ని మళ్ళీ ఏమీ రాయకుండా. శత్రువు ఎటూ రాలేదు, కొడుకుల్ని చూసుకోవడానికి వచ్చిన తల్లులు మాత్రం ఎక్కడ దిగాలో తెలియక మూడేసి స్టేషన్లు దాటిపోయి ఏడుస్తూ వెనక్కి వచ్చేవాళ్ళు. నేను ఎదురుచూస్తున్న ఆమె మాత్రం ఒక్కసారీ దాటిపోలేదు. వంతెన దాటాక ఏడోది అని వేళ్ళు మడుచుకుంటూ వచ్చేదట. మొదటిసారి దిగినప్పుడు కూడా ఏడో వేలు మడిచే ఉంది, ఆ చేత్తోనే మూట పట్టుకుని ఉంది.

ఆ మూటల సంగతి ఈ క్యాంపు చుట్టూ తిరిగినవాళ్ళకు తప్ప తెలియదు. కొత్తగా చేరినవాళ్ళు ఇక్కడ దిగేటప్పుడు ఇంటి బట్టల్లో దిగేవాళ్ళు, ఒకడు అన్న కోటులో, ఒకడు కొత్త చొక్కాలో, కొలత కుదరక మెడ దగ్గర పిన్నీసు పెట్టుకుని. క్యాంపులో యూనిఫాం చేతిలో పెట్టగానే ఒంటి మీదవి విప్పి మూట కట్టి ఇచ్చెయ్యాలి, దగ్గరుంటే వేసుకుని పారిపోతారని. ఆ మూటలు లారీలో నాలుగింటికి నా దగ్గరికి వచ్చేవి. నేను ఊరూ పేరూ రాసిన తెల్లచీటీ కట్టి అయిదూ నలభై తిరుగుబండికి ఇళ్ళకు పంపాలి. పోయినవాళ్ళ సామానూ నా చేతి మీదుగానే, అది గోనెగుడ్డలో కుట్టి వచ్చేది, దానికి పసుపు చీటీ. తెలుపు కడితే బట్టలు వచ్చాయి, మనిషి ఉన్నాడని. పసుపు కడితే బట్టలు వచ్చాయి, మనిషి లేడని. ఇది రైల్వేవాళ్ళు పార్సిళ్ళ గదిలో గుర్తుకోసం పెట్టుకున్న ఏర్పాటే గాని, ఊళ్ళకు చాటింపు వేసింది కాదు. అయినా ఊళ్ళు ఎంతసేపట్లో నేర్చుకున్నాయి! ఒక వీధిలో ఒక పసుపు చీటీ దిగితే చాలు, ఆ ఊళ్ళో చదువురానివాళ్ళందరికీ ఆ రంగు చదవడం వచ్చేసేది.

ఒక రోజు ఏడు మూటలొచ్చాయి. తెల్లచీటీలు నిండుకుని వారమైంది, మూడు ఉత్తరాలు రాశాను పై ఆఫీసుకు, మూడింటికీ ఒకటే జవాబు, ఉన్నవాటితో సర్దుకోమని. ఉన్నవి పసుపువి. అవి మాత్రం అడక్కుండానే పెట్టె నిండా పంపారు, ముందుచూపు గల మహానుభావులు. ముందటి వారం చీటీలు లేక మూటలు ఒక రాత్రి ఆపితే వాన కొట్టి మూడు తడిశాయి, దానికి నాకు రాతలో చీవాట్లు వచ్చాయి, మూటలు హాల్టులో నిలవ ఉంచరాదు, ఉంచినచో పూర్తి బాధ్యత మీదే అని. ఆ కాగితం నన్ను తిననివ్వలేదు, పడుకోనివ్వలేదు. సరే, ఉంచనంటే ఉంచను. పసుపు చీటీ తీసి దాని మీద కాపీ పెన్సిలుతో అడ్డంగా ఒక గీత కొట్టి, గీత కింద పేరు రాశాను. గీత కొడితే రంగు చెల్లదని, అది చూసినవాళ్ళకు తెలిసిపోతుందని నా తెలివి. మా ఆవిడ దారం ముక్కలు తెంపి అందిస్తోంది, చెయ్యి ఆపేసింది. "ఈ రంగు కట్టొద్దండీ. ఒక్కపూట ఆపితే ఏం మునిగిపోయింది?" "నీకేం తెలుసు, నోరుముయ్" అన్నాను. ఆమెకు తెలుసు. నాకూ తెలుసు. ఇప్పుడు ఈ గంటలో, వినేవాళ్ళు లేనప్పుడైనా ఒప్పుకుంటాను, కడుతున్నప్పుడే తెలుసు. ఎక్కడో ఎవరో ఒకళ్ళు గుమ్మంలో కూలబడతారని తెలిసే, నాకు మళ్ళీ చీవాట్లు పడకుండా ఉండాలని ఏడు ముళ్ళు వేశాను. ఏడోది పొడుగోడి మూట.

పొడుగోడు అని నేను తర్వాత పెట్టుకున్న పేరు, అప్పటికి వాడు నాకు ఒక చీటీ మీద మూడు మాటలు. నాలుగో రోజున వాడి తల్లి దిగింది. గోనెసంచులు కుట్టే మిల్లులో పనట, వేళ్ళన్నీ కాయలు కాసి, బొటనవేలికి తోలుతొడుగు అలాగే ఉంది, పనిలోంచి లేచి వచ్చేసినట్టుంది. చేతిలో మూట, మూటకు నా గీతతో సహా పసుపు చీటీ. ఏడవడం లేదు. నా దగ్గరికి వచ్చి, "ఎక్కడ పెట్టారు?" అంది. అంతే. ఇంత చిన్న మాట అర్థం కావడానికి నాకు ఎంతసేపు పట్టిందో, కొడుకును ఎక్కడ పూడ్చారని అడుగుతోంది. క్యాంపుకు ఫోను చేశాను, స్టోర్ల గుమాస్తాను బతిమాలాను, కాళ్ళు పట్టుకుంటానన్నాను, అరగంట పంపించమన్నాను. దూరంగా మట్టిరోడ్డు మీద ఒకడు పరిగెత్తుకుంటూ వచ్చాడు, మోకాళ్ళు దాటి రాని ఆ యూనిఫాం ప్యాంటులో కొంగలా ఉన్నాడు, వచ్చినవాడు వచ్చినట్టే చూరు రేకుకు నుదురు కొట్టుకున్నాడు. ఆ చప్పుడుకు మా ఆవిడ బయటికి వచ్చింది. పొడుగోడి తల్లి లేచింది. చచ్చి తిరిగొచ్చిన కొడుకుతో ఒక తల్లి అనే మొదటి మాట ఏమై ఉంటుందని మీరైతే అనుకుంటారు? "చూసుకుని నడవడం ఈ జన్మకు నేర్చుకోవా?" అని చెంప మీద ఒకటి కొట్టింది, అప్పుడు పట్టుకుంది, అప్పుడు ఏడ్చింది. వాడి నుదురు తగిలి రేకుకు పడ్డ సొట్ట ఇంకా ఉంది, ఇదిగో, ఇక్కడ కూర్చుంటే కనపడుతోంది, ఇన్‌స్పెక్టరు దాన్ని రాసుకోలేదు.

అరగంట ఇద్దరూ ఆ బెంచీ మీద కూర్చున్నారు, మా ఆవిడ టీ ఇచ్చింది, వాడు మూడు కప్పులు తాగాడు. ఆమె వెళ్ళబోయే ముందు నా రెండు చేతులూ పట్టుకుని, "నా కొడుకును నాకు తెచ్చిచ్చారు. నాకు తోడబుట్టినవాళ్ళు లేరు. ఇక మీరే మా అన్నయ్య" అంది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దొంగకు మెళ్ళో దండ వేస్తే తిరిగే నీళ్ళు. అప్పుడడిగింది, "ఎవరన్నయ్యా ఈ పని చేసింది? ఏ పాపిష్టి చెయ్యి కట్టింది ఈ చీటీ?" కోపంగా కూడా కాదు, ఆ సంతోషంలో ఊరికే అడిగింది. ఆ ఒక్క క్షణం నాకు దొరికింది, నేనే తల్లీ అనడానికి. కొడుకు పక్కనే ఉన్నాడు, క్షమించేసేది, తిట్టినా నవ్వుతూ తిట్టేది. నేను ఏమన్నానంటే, ఎంత తేలిగ్గా అన్నానంటే, "పై ఆఫీసులో ఎవడో బుద్ధిలేనివాడమ్మా. అక్కడ ఇలాంటివి రోజూ జరుగుతుంటాయి." రోజూ జరుగుతుంటాయి. ఆ రెండు మాటలూ నా నోట్లోంచి ఊడిపడి ఆమె గుండెలో నాటుకున్నాయి, ఇప్పటికీ అక్కడే ఉన్నాయి, వాటి నీడలోనే ఆమె బతుకుతోంది. వెనక గుమ్మంలో నిలబడి మా ఆవిడ వింది. ఖాళీ కప్పులు తీసుకుని లోపలికి పోయింది.

మూడు నెలలకు వాళ్ళను యుద్ధానికి తీసుకుపోయారు, రెండు బండ్ల నిండా. పొడుగోడు చూరు దగ్గర ఆగి, కావాలని బాగా వంగి దూరి వచ్చి, "చూశారా మామయ్యా, నేర్చుకున్నాను" అని నవ్వాడు. అమ్మకు చెప్పండి అన్నాడు. చెప్పాను, ఆమె తర్వాత వచ్చినప్పుడు చెబితే ఎంత నవ్విందో. ఇంకో ఏడు నెలలకు లారీలో గోనెమూటలు మూడు వచ్చాయి, జాబితాలో రెండో పేరు వాడిది. నేను చదివాను. మళ్ళీ చదివాను. ఫోను చేసి అడిగాను, పెట్టేసి మళ్ళీ చేసి అడిగాను, మూడోసారి చేస్తే స్టోర్ల గుమాస్తా విసుక్కున్నాడు, "ఎన్నిసార్లడుగుతావయ్యా, నంబరు కూడా చూశాను, వాడే. చచ్చినవాడు నీ చుట్టమా ఏంటి?" "మేనల్లుడు" అన్నాను. అప్పటికి కొత్తవాళ్ళు రావడం ఆగిపోయి, తెల్లచీటీలు రెండు పెట్టెలు వచ్చి పడి ఉన్నాయి. నా చెయ్యి ఆ పెట్టె మీదికి వెళ్ళింది. వెళ్ళిందని చెప్పుకోవడానికి సిగ్గెందుకు, తెల్లది కట్టి పంపితే వాడు బతికుంటాడేమో అనిపించింది, యాభై రెండేళ్ళ మనిషికి. తర్వాత పసుపుది తీసి, గీత కొట్టకుండా, పేరు చక్కగా, పెద్ద అక్షరాలతో రాసి కట్టాను. అది నేను కట్టిన చీటీలన్నిట్లోకీ సరైనది.

పదో రోజున ఆమె దిగింది. నేను ఆఫీసు గదిలో బల్ల పట్టుకుని నిలబడ్డాను. దిగిన మనిషి మొహం ప్రశాంతంగా ఉంది, సంతలో ఎవరిదో వస్తువు తనదాంట్లో కలిసిపోతే తిరిగివ్వడానికి వచ్చినట్టు. మూట బల్ల మీద పెట్టింది, కుట్టు ఒక్కటి విప్పలేదు. "మళ్ళీ చేశారన్నయ్యా మీ పై ఆఫీసువాళ్ళు. ఎవరి మూటో నాకు పంపించారు. పాపం ఏ తల్లో అక్కడ ఎదురుచూస్తుంటుంది, తెలియాలి కదా ఆమెకు. మీరు కాస్త వెతికి పంపించండి." నేను నోరు తెరిచాను. "కాగితం కూడా వచ్చింది, చదివించుకున్నాను" అంది, నా కంటే ముందే. "చీటీ తప్పయితే కాగితమూ తప్పే, ఒకదాన్ని చూసి ఒకటి రాస్తారు. మీరే అన్నారుగా, అక్కడ రోజూ జరుగుతుంటాయని." అని మూటను తిప్పి చూసి, అంచు మీద వేలు పోనిచ్చి, "ఎవరు కుట్టారో గాని చేతకాని కుట్టు. దారిలోనే ఊడిపోతుంది" అని చేతిసంచిలోంచి దబ్బనం తీసింది, పురికొస ఎక్కించింది. ఆ బెంచీ మీద కూర్చుని, తిరుగుబండి వచ్చేదాకా, తన కొడుకు బట్టల మూటను ఇంకెవరి తల్లికోసమో గట్టిగా కుట్టింది.

అప్పటినుంచి ప్రతి నెలా మొదటి బుధవారం, మిల్లుకు సెలవు. తొమ్మిది బుధవారాలు. రాగానే అడిగేది, "ఆ తల్లి దొరికిందా అన్నయ్యా?" నేను తల అడ్డంగా ఊపేవాణ్ణి. మూట కిందికి దించేది, దుమ్ము దులిపేది, ఎక్కడైనా దారం వదులైతే ఇంకో కుట్టు వేసేది, ఇప్పుడా మూటలో గోనె కంటే కుట్టు ఎక్కువ. యుద్ధం అయిపోయి నాలుగు నెలలు. మనుషులు బండ్ల మీద బండ్లుగా వెనక్కి వచ్చారు, కర్రలతో, కట్లతో, ఊరికే కూడా. ఆమె ప్రతి పెట్టె తలుపు చూసేది, తల వంచుకుని దిగే ప్రతి పొడుగువాడి మొహం చూసేది. నేను ఎందుకు చెప్పలేదు? మొదట్లో ఉద్యోగం పోతుందని, మూటల మీద విచారణ కాగితం ఒకటి వస్తే చీటీలు పై ఆఫీసు నుంచి వచ్చినవేనని రాసి తప్పించుకున్నాను, అబద్ధం కాదు, నిజమూ కాదు. తర్వాత ఉద్యోగం కాదు, ఆ పిలుపు. ఈ భూమ్మీద నన్ను అన్నయ్యా అని పిలిచే మనిషి ఆమె ఒక్కతే. వాడు లేడమ్మా అని ఒకసారి చెప్పి చూశాను, ఆరో నెలలో, అంతా చెప్పకుండా ఆ ముక్కే చెప్పాను. "మీరు కూడా వాళ్ళ కాగితం నమ్ముతారా అన్నయ్యా" అని జాలిగా చూసింది నన్ను. నమ్మదు. ఎలా నమ్ముతుంది? మొదటి చీటీ ఎవడో కళ్ళు మూసుకుని కట్టాడనుకున్నంతకాలం రెండోదీ అలాగే కట్టాడనుకుంటుంది. మొదటిది కట్టింది నేను, కళ్ళు తెరుచుకుని, తెల్లవి లేక కట్టాను అని చెబితే గాని రెండోది నిజమని తెలియదు. రెండు చీటీలూ కట్టిన చెయ్యి ఇది ఒక్కటే, లోకంలో ఇంకెవరు చెప్పినా చెల్లదు. ఇవాళ చెప్పకపోతే ఈ రేకులు లేచిపోతాయి, నేను ఎక్కడో గూడ్సు ఆఫీసులో ఉంటాను, ఆమె వంతెన తర్వాత ఏడు వేళ్ళు లెక్కపెట్టుకుని, ఆగని బండి కిటికీలోంచి ఖాళీ నేలను చూస్తూ నెలనెలా తిరుగుతూనే ఉంటుంది, పోయేదాకా.

ఫోను మోగింది. వెనక స్టేషన్‌లో బండి బయల్దేరింది. ఇరవై నిమిషాలు. క్యాంపు ఎత్తేసినప్పటి నుంచి బండి ఇక్కడ జెండా చూపిస్తేనే ఆగుతుంది, ఎర్రది ఎత్తితే ఆగాలి, పచ్చది ఎత్తితే ఆగకుండా పోవాలి. నిన్న నశ్యం గార్డు, ముక్కుపొడుం లేకుండా ఈల కూడా వెయ్యలేడని ఆ పేరు, బ్రేకుపెట్టెలోంచి వంగి చెప్పాడు, "రేపు ఆవిడ ఎక్కుతుంది కదా. నీకు కష్టమైతే పచ్చది చూపించెయ్. ఆగకుండా పోతాను, పైస్టేషన్‌లో దింపి హాల్టు ఎత్తేశారమ్మా అని నేనే చెప్పి తిరుగుబండి ఎక్కిస్తాను. ఎర్రది చూపిస్తే రెండే రెండు నిమిషాలు, మళ్ళీ ఈ బండిలోనే ఎక్కించాలి, ఎల్లుండినుంచే కాదు, రేపు తిరుగుబండి కూడా ఇక్కడ ఆగదు, ఉత్తర్వొచ్చింది." మంచివాడు. అందరూ మంచివాళ్ళే, నాకు దారి చూపించేవాళ్ళందరూ. పచ్చజెండా ఎంత తేలిక! చెయ్యి ఎత్తడమే, అందులో అబద్ధం కూడా లేదు, ఒక్క మాట మాట్లాడక్కర్లేదు, ఆమె కిటికీలోంచి చెయ్యి ఊపుతుంది, అన్నయ్యగానే మిగిలిపోతాను. రెండు జెండాలూ చంకలో పెట్టుకుని నిలబడ్డాను. లోపల గిన్నెల చప్పుడు ఆగింది. మా ఆవిడ చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది, స్టూలు లాక్కుని ఎక్కింది, పై అర మీది మూట దించింది, దుమ్ము దులిపి బెంచీ మీద పెట్టింది. నా వైపు చూడలేదు. గుమ్మంలో నిలబడిపోయింది, కప్పులు పట్టుకుని నిలబడ్డ చోటే.

పట్టాలు సన్నగా మోగుతున్నాయి. మలుపు దగ్గర పొగ. ఇప్పుడు పచ్చది ఎత్తినా ఎవరూ నన్నేమీ అనరు. పొడుగోడు వంగి దూరి వచ్చిన చోట నిలబడి ఉన్నాను, మామయ్యా నేర్చుకున్నాను అన్నాడు, నేను ఎప్పుడు నేర్చుకుంటాను? ఎర్రది ఎత్తాను. బండి దగ్గరికి వచ్చేదాకా దించలేదు. బ్రేకులు కీచుమన్నాయి, ఖాళీ పెట్టెలు ఒకదాన్నొకటి గుద్దుకుని ఆగాయి, మూడో పెట్టె తలుపు తెరుచుకుని ఆమె దిగింది, చేతిసంచితో, మడిచిన ఏడో వేలుతో.

"బోర్డు తీసేస్తారటగా, బండిలో అనుకుంటున్నారు" అంది, దిగుతూనే. "మరి వాడు ఎక్కడ దిగాలో వాడికెలా తెలుస్తుందన్నయ్యా?"

"మొదటి చీటీ నేను కట్టానమ్మా" అన్నాను.

అర్థం కానట్టు చూసింది.

"పై ఆఫీసు కాదు. ఎవడో కాదు. నేనే. ఆ రోజు తెల్లవి అయిపోయాయి. పసుపుదని తెలిసే కట్టాను, చీవాట్లు పడతాయని. మీరడిగితే అబద్ధం చెప్పాను."

ఇంజను ఆవిరి వదులుతోంది. నశ్యం గార్డు దిగి, గడియారం చేతిలో పట్టుకుని, మా వైపు చూడకుండా నేల చూస్తున్నాడు. ఆమె నన్ను చాలాసేపు చూసింది, రెండు నిమిషాల్లో ఎంత పడుతుందో అంతా చూసింది. తర్వాత బెంచీ మీది మూటను చూసింది.

"రెండోది?"

"అదీ నేనే."

మూట దగ్గరికి వెళ్ళింది. తోలుతొడుగు లేని బొటనవేలు అంచు మీద ఒక్కో కుట్టు తడుముతూ పోయింది, తొమ్మిది నెలల కుట్లు, మొదట్నుంచి చివరిదాకా. వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"రెండోది కట్టినప్పుడు మీ దగ్గర తెల్లవి ఉన్నాయా, బాబుగారూ?"

"ఉన్నాయి" అన్నాను. "రెండు పెట్టెలు."

తల ఊపింది. మూట ఎత్తుకుంది. బరువుగా ఉందేమోనని చెయ్యి చాచాను, "వద్దు" అని పక్కకు తిప్పుకుంది. మా ఆవిడ వెళ్ళి ఆమె మోచెయ్యి పట్టుకుని పెట్టె ఎక్కించింది, ఆ చేతిని మాత్రం వదిలించుకోలేదు. కిటికీ దగ్గర కూర్చుంది. మూట ఒళ్ళో పెట్టుకుని, సంచిలోంచి దబ్బనం తీసి, తాను వేసిన కుట్లను తానే ఒక్కొక్కటిగా లాగి విప్పడం మొదలుపెట్టింది. ఈల వేశాడు గార్డు. పచ్చజెండా నా చంకలోనే ఉంది, నేను ఎత్తితే గాని బండి కదలదు. ఎత్తాను.